గెనిమ జరిపిన సారు

సారు పోయినాక చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూడికలో పాస్టరుగారు, "సారును గురించి సాక్ష్యం చెప్పాలనుకునేవాళ్ళు ఒక్కొక్కరే ముందుకు రండి" అన్నప్పుడు నాకు ఒళ్ళు మండింది. సాక్ష్యమంట. ఆ మనిషి గురించి సాక్ష్యం చెప్పాల్సి వస్తే కర్నూల్లో నాకంటే ఎక్కువ చెప్పగలిగినోడు లేడు. ఆ మైకు నా చేతికి వచ్చి ఉంటే ఆ పూట కూడిక సల్లగా ముగిసేది కాదు.

లేచినవాళ్ళంతా మంచే చెప్పినారు. ఓర్పు గల మనిషన్నారు. నోరెత్తి ఎవరినీ ఒక మాట అనలేదన్నారు. నిజమే, ఆయన ఒక్క మాట అనడు, మన చేత నూరు మాటలు అనిపిస్తాడు. బడిలో ఆయన దగ్గర డ్రాయింగ్ నేర్చుకున్న ఒకాయన, తల పూర్తిగా నెరిసిపోయింది, కండ్లు తుడుచుకుంటూ "మా సారు చేతిలో మన సీమ నేలకు ప్రాణమొచ్చింది" అన్నాడు. అదీ నిజమే. ప్రాణమొచ్చి లేచి నడిచింది కూడా. మా చేని గెనిమ అట్ల లేచి నడవబట్టే మా అన్న నాతో మాటలు మానుకున్నాడు.

గెనిమంటే రెండు చేండ్ల నడుమ గట్టు. మా దిక్కు దాని విలువ ఎవరికీ చెప్పాల్సిన పని లేదు. జానెడు గెనిమ జరిగిందని కోర్టుల చుట్టూ తిరిగి ముసలైపోయినవాళ్ళు ప్రతి ఊర్లోనూ కనిపిస్తారు. అట్లాంటి గెనిమను ఈయన కుంచె పెట్టి జరిపినాడు. జరిపి, చేతులు కడుక్కొని, టీ ఏది అని అడిగినాడు.

అందుకే వెనక కుర్చీలో కూర్చొని నోరు మూసుకున్నాను. ఆడ చెప్పలేనిది ఈడ చెప్తాను.

ఆయన రిటైరైన డ్రాయింగ్ మాస్టరు. పేరుతో ఎవరూ పిలిచేది లేదు, అందరికీ ఒట్టి సారు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట కుంచె ఉంటుంది. అది ఎప్పుడూ తడిగానే ఉంటుంది కాబట్టి ఏ చొక్కాకైనా జేబు కింద మరక ఖాయం. పాత మోపెడ్ వెనకాల ఒక ప్లాస్టిక్ బకెట్ కట్టుకొని తిరిగేవాడు. రంగులు, సీసాలు, గుడ్డపీలికలు దాంట్లోనే. చేను చేరినాక అవన్నీ నేల మీద కుమ్మరించి, బకెట్ బోర్లించి, దానిమీద కూర్చొని బొమ్మ వేస్తాడు. హిందువైనా సాయిబైనా, కలెక్టరాఫీసు బంట్రోతైనా, ఎవరెదురైనా ఒకటే పలకరింపు. "వందనాలప్పా."

నాది విత్తనాల, ఎరువుల అంగడి. ఆయన జీవితంలో ఒక గింజ కొన్న పాపాన పోలేదు. నా అంగడికి వచ్చేది ఖాళీ ప్యాకెట్ల కోసం. కంపెనీవాళ్ళిచ్చిన నమూనాలు, ఎలుకలు కొట్టినవి, గడువు దాటి నేను పారబోసినవి, ఆ మందం ప్యాకెట్లంటే ఆయనకు ప్రాణం. వాటి నిండా మన్ను నింపుకొనేవాడు. ఆలూరు దిక్కు నల్లరేగడి ఒకదాంట్లో, కోసిగి గరుసు ఒకదాంట్లో, ఆత్మకూరు అడవి అంచున దొరికే ఎర్రమన్ను ఒకదాంట్లో, కడప దిక్కు పోతే బండరాళ్ళు కోసే చోట రాలిన బూడిదరంగు పొడి ఇంకోదాంట్లో. ఏ చేను బొమ్మకు ఆ చేని మన్నే వాడాలని ఆయన పట్టు. తుమ్మబంకలో నానేసి నూరి అదే రంగు చేసేవాడు. ఆ నూరేదంతా ఇంట్లో చేసుకుంటే నాకేం బాధ? మన్ను ఎంత మెత్తగా ఉందో చూసేది మాత్రం నా బల్ల మీద, నా తరాజు పక్కన. రైతులు నిలబడి ఉంటే వాళ్ళను జరగమని, వేలితో మన్ను పరిచి, "ఈ ఎరుపు చూడప్పా, దీంట్లో కొంచెం ఊదా ఉండాది" అనేవాడు. నాకు కనిపించింది ఒక్కటే, బల్లంతా దుమ్ము.

ఒకసారి ఆయన మన్ను ప్యాకెట్ ఒకటి బల్ల మీద మరిచిపోయినాడు. పైన పత్తి బొమ్మ, కంపెనీ పేరు, మా అంగడి ముద్ర అన్నీ ఉన్నాయి. సీజను రద్దీలో మా గుమాస్తా దాన్ని ఒక కోసిగి రైతుకు మిగతా ప్యాకెట్లతో కలిపి ఇచ్చేసినాడు. ఆ రైతు బస్సులో కూర్చొని, బరువెందుకు తేడాగా ఉందని మూతి విప్పి చూసుకుంటే ఎర్రమన్ను. ఇంకేముంది, ఆయన దిగి, బస్సులో ఉన్న సగం మందిని వెంటేసుకొని వచ్చినాడు. విత్తనాల అంగడోనికి మా సీమలో నకిలీ అన్న మాట ఒక్కటి అంటుకుంటే చాలు, షట్టరు దించుకొని పోవాల్సిందే. నేను చెమటలు కక్కుతూ సమాధానం చెప్తుంటే ఈ మహానుభావుడు మోపెడ్ దిగి, "వందనాలప్పా" అంటూ గుంపులో దూరి, రైతు చేతిలో ప్యాకెట్ లాక్కొని చూసి, "ఇది నాదే. యాడ పోయెనా అని పొద్దున్నించి వెతుకుతాండా. ఒలకబోయలేదు కదా?" అన్నాడు.

ఆ రైతు మొహం చూడాల్సింది. కొట్టేదానికి వచ్చినోడు కాస్తా, "లేదు సార్, మూతి మాత్రం ఇప్పినా" అన్నాడు. సారు ఆయన ఊరేదో, చేను ఏ దిక్కు ఉందో అడిగినాడు. మర్నాడు ఆ చేను బొమ్మ వేసేదానికి పోయినాడు. నన్ను మాత్రం ఒక మాట అడగలేదు, బతికితివా సస్తివా అని.

పోయేది కూడా నట్టనడి మధ్యాహ్నమే. అందరూ తెల్లారుజామునో పొద్దుగూకేటప్పుడో బొమ్మలు వేస్తారు కదా సార్ అంటే, "ఆ యాళల్లో ఏ నేలైనా సింగారించుకొనుండాది. మద్దేన్నం పూటే నేల నేల మాదిరి ఉంటాది" అనేవాడు. ఒక ఏప్రిల్లో కోసిగి దావలో ఎండదెబ్బ తగిలి బకెట్ పక్కనే పడిపోయినాడు. సుగ్గికని కోతలకు వలసపోయి మిరపకాయలు కోసి తిరిగొస్తున్న కూలోళ్ళు చూసి ఆటోలో వేసుకున్నారు. జేబుల్లో వెతికితే విలాసం లేదు, మన్ను ప్యాకెట్ల మీద నా అంగడి ముద్ర ఉంది. తెచ్చి నా గడప ముందర దించి, "మీ నాయనను ఇంత ఎండలో యాడికి పంపిస్తివప్పా, బుద్ధి లేకుండా" అని నన్ను తిట్టి పోయినారు. ఆసుపత్రిలో కండ్లు తెరిచి ఆయన నాతో అన్న మొదటి మాట, "బకెట్ తెచ్చినారా?"

ఇంతవరకు భరించినాను. అసలు రోగం వేరే ఉంది. తూగు.

నా అంగట్లో తూకమంటే అర్థముంది. తగ్గితే నాలుగు గింజలు వేస్తాం, పెరిగితే తీస్తాం. ఆయనకు బొమ్మ తూగాలంట. ఒక పక్క గుట్ట బరువుగా ఉంటే ఇంకో పక్క ఏదో ఒకటి ఉండాలంట. లేకుంటే? ఉన్నదాన్ని జరుపుతాడు. మన కర్నూలు బురుజును తీసుకొనిపోయి తుంగభద్ర గడ్డన నీళ్ళలో నీడ పడేటట్టు పెట్టినాడు. "ఊరి నడుమ ఉండేదాన్ని ఏటి గడ్డన పెడితివేంది సార్" అని ఒక డాక్టరు అడిగితే, "ఆడ ఇమడలేదప్పా, ఈడ తూగింది" అని జవాబు. పాలెగాళ్ళ కాలంనాటి కోట ఒకటి మా తాత చిన్నప్పుడే కూలిపోయిందంట, దాని గోడ మళ్ళా లేపి నిలబెట్టినాడు. సెల్ టవర్లు, కరెంటు స్తంభాలు అయితే ఎన్ని పీకినాడో లెక్కే లేదు. అయినా బొమ్మ ముందర నిలబడితే ఎవరికీ అబద్ధమనిపించదు. మన్ను ఆ మన్నే కదా. కాలికి తగిలినట్టే ఉంటుంది. అదే ఆయన చేసే మోసం.

తెలిసి తెలిసి నేను పోయి ఇరుక్కున్నాను. మా నాయన పోయినాక చేను నాకూ అన్నకూ రెండు భాగాలయింది. అన్న ఊర్లోనే ఉండి సేద్యం చేస్తాడు. నా భాగం గుత్తకిచ్చి నేను కర్నూల్లో ఉంటాను. ఊరికి పోయేది తక్కువ. కండ్ల ముందు ఉంటుంది కదా అని, మా చేను బొమ్మ వేసివ్వమని సారును అడిగినా. ఆయన మా ఊరికి పోయి, అన్న ఇంట్లోనే దిగి, ఎండలో బకెట్ మీద కూర్చున్నాడు. మా వదిన పాపం జొన్నరొట్టె, సెనక్కాయ ఊరిబిండి చేసి చేనికి పంపిస్తే, తిని, రొట్టె అంచులు గట్టిగా ఉండాయని చెప్పి పంపినాడంట. వదిన ఇప్పటికీ ఆ మాట చెప్తుంది.

బొమ్మ వచ్చింది. బాగుంది, కాదనను. ఎనకాల గుట్ట, ముందర ఎర్రనేల, నడుమ మా నాయన ఎక్కి కూర్చొని సద్ది తినే పెద్ద తెల్లరాయి, తెల్లగుండంటాం, దాని పక్క నుంచి గెనిమ. చూసినరోజు మా ఇంటిది చెప్పులు విడిచి ముందుకు పోయింది, చేనిలోకి దిగుతున్నట్టు. హాల్లో తగిలించినాం. వచ్చినోళ్ళందరికీ చూపించుకొని మురిసినాం.

ఒకరోజు అన్న కండ్లద్దాలు మార్చుకోవాలని కర్నూలుకు వచ్చినాడు. అంతకుముందు కూడా ఆ బొమ్మ చూసినాడు గానీ, చూపు మసక. ఆ రోజు కొత్త అద్దాలు పెట్టుకొని నేరుగా ఇంటికొచ్చి, సోఫాలో కూర్చొని, తల ఎత్తినాడు. చాలాసేపు అట్లే చూసినాడు. లేచి దగ్గరికి పోయినాడు.

"గెనిమ ఈపక్కకెట్లొచ్చెరా?" అన్నాడు.

నేనూ పోయి చూసినా. రోడ్డు మీద నిలబడి చూస్తే మా చేండ్లలో ఎడమపక్కది అన్నది, కుడిపక్కది నాది. గెనిమ తెల్లగుండుకు కుడిపక్కగా పోతుంది. అంటే గుండు అన్న భాగంలో ఉంటుంది. బొమ్మలో గెనిమ గుండుకు ఎడమపక్క ఉంది. గుండూ, దాని చుట్టూ ఉన్న నేలా నా భాగంలోకి వచ్చి కూర్చున్నాయి.

"నువ్వు చెప్పి ఏయించినావా?" అన్నాడు అన్న.

నాకు చురుక్కుమనింది. అంతవరకు నేను దాన్ని గమనించనే లేదు. గమనించినాక మాత్రం మనసు ఊరుకుంటుందా? సారు వేసి అప్పటికి కొన్నేండ్లయింది. నేను ఊరికి పోయేది లేదు, పంచుకున్నప్పుడు గెనిమ యాడుండెనో ఖాయంగా గుర్తూ లేదు. దున్నుతా దున్నుతా గెనిమను పక్కోని చేనిలోకి తోసేది మా దిక్కు కొత్త సంగతీ కాదు.

"సారు కండ్లతో చూసి వేసినాడు. ఆయనకేం అవసరం, మనలో ఎవరి పక్క మాట్లాడేదానికి?" అన్నాను.

అన్న చెప్పులేసుకున్నాడు. పాత అద్దాల డబ్బా సోఫా మీదనే మరిచిపోయి బస్టాండుకు పోయినాడు.

ఇక మా బామ్మర్ది దిగినాడు. వానికి పని లేదు, మాకు మనశ్శాంతి లేకుండా చేసేది తప్ప. సర్వేయరు వచ్చి కొలిచేదాకా ఎవరాగుతారు, సాక్ష్యం గోడమీదనే ఉంది కదా అన్నాడు. బొమ్మను దుప్పట్లో చుట్టి, కారులో పెట్టి, నన్నూ ఎక్కించి ఊరికి తీసుకొనిపోయినాడు. బడి వరండాలో పెద్దమనుషులు కూర్చున్నారు. బొమ్మను ఒక కుర్చీలో నిలబెట్టినారు, మనిషిని కూర్చోబెట్టినట్టు. మాజీ సర్పంచి వంగి వంగి చూసి, "గుండు మీద నెర్ర గూడా ఏసినాడు సారు. ఇంత ఇవరంగా ఏసినోడు గెనిమను తప్పేస్తాడా?" అన్నాడు. మిగతావాళ్ళు తలలూపినారు. ఎవరికీ నవ్వు రాలేదు. నాకూ రాలేదు. బొమ్మ చూసి భూమి తగవు తీర్చేది లోకంలో ఇంకెక్కడన్నా ఉందేమో నాకు తెలీదు.

అన్న ఒక స్తంభానికి ఆనుకొని నిలబడి, "సారునే పిలిపించండి. ఆయన ఏం చెప్తే నేను దానికి కట్టుబడతా" అన్నాడు.

సారు బస్సులో దిగినాడు. అందరికీ వందనాలు చెప్పినాడు. మాజీ సర్పంచి లేచి, చేతులు కట్టుకొని అడిగినాడు. "సార్, మీరు పెద్దోళ్ళు, చదువు చెప్పినోళ్ళు. దేవునికి బయపడే మనిషి. మీరు బొమ్మ ఏసిన పొద్దు గెనిమ గుండుకు ఏ పక్కనుండె?"

ఈయన ప్రశ్న విన్నట్టే లేడు. కుర్చీ ముందర గొంతుక్కూర్చొని బొమ్మనే చూస్తున్నాడు. వేలు నాలికకు రాసుకొని బొమ్మ మూలలో ఒకచోట తుడిచినాడు. "ఈ మూల ఇంకా బరువుగానే ఉండాది" అని తనలో తాను అనుకున్నాడు.

"సార్. గెనిమ."

"గెనిమా? కుడిపక్కే ఉండె. నేనే ఎడంపక్కకు జరిపినా."

"ఎందుకు జరిపితివి సార్?" అన్నాడు మాజీ సర్పంచి.

"తూగలేదప్పా."

"అంటే?"

"గుండు ఆపక్క, గుట్ట ఆపక్క. అంతా ఒకేపక్కకు పడిపోతాండె. గెనిమను ఈపక్కకు తెస్తే నిలబడింది."

మా బామ్మర్దికి ఆశ చావలేదు. "మరి ఆ తుమ్మచెట్టన్నా నిజమేనా సారు?" అన్నాడు.

"అది ఈ ఊరిది కాదు. ఆత్మకూరు దావలో చూసినా. బాగుండాదని తెచ్చుకున్నా." సారు లేచి నిలబడి, పంచ దులుపుకొని, నా దిక్కు తిరిగి చెప్పినాడు. "మన్ను మాత్రం నీ చేనిదేప్పా. దాంట్లో అబద్ధం లేదు. టీ యాడన్నా దొరుకుతాదా?"

నా తల యాడ పెట్టుకోవాలో తెలియలేదు. ఊరంతా నవ్వుతుందనుకున్నాను. ఎవరూ నవ్వలేదు, అదే ఇంకా పాడుగా ఉండె. అన్న స్తంభం వదిలి నా ముందుకు వచ్చినాడు.

"ఆయప్ప బొమ్మ తూగలేదని జరిపినాడు. నువ్వెట్ల నమ్మితివిరా, నేను జరిపినానని?"

అంత మాత్రమే. అరిచి ఉంటే నేనూ అరిచేవాణ్ణి. సల్లగా అని, తువ్వాల భుజాన వేసుకొని ఇంటికి పోయినాడు. ఆ రోజు నుంచి మాట లేదు. వాళ్ళ కూతురి పెండ్లికి పత్రిక ఇచ్చేదానికి కూడా ఊరి ఆటోవానిని పంపినాడు. పెండ్లికి పోతే వదిన పలకరించింది, అన్న వంటశాల దిక్కు పోయినాడు. ఒకే కడుపున పుట్టినోళ్ళం, ఒకే గుండు మీద కూర్చొని నాయన సద్దిలో చేయి పెట్టినోళ్ళం. నాకు తిండి సయించలేదు.

ఈ సారు మాత్రం ఆ మరుసటి వారమే, ఏమీ జరగనట్టు, ఖాళీ ప్యాకెట్లున్నాయా అని అంగట్లోకి వచ్చినాడు. ఆ రోజు నేను తిట్టిన తిట్లు మా వీధిలో ఇంకా చెప్పుకుంటారు. అన్నదమ్ముల మధ్య చిచ్చు పెట్టినావన్నాను. నీ తూగు నా కొంప ముంచిందన్నాను. ఆయన టీ చల్లారేదాకా విన్నాడు. తాగి, చల్లారిపోయిందని మొహం ముడుచుకొని, "బొమ్మ ఇయ్యప్పా, సరిచేస్తా" అన్నాడు.

"ఇంక సరిచేసి ఏం చేసుకుంటావ్ సార్?"

"తప్పుండాదంటివి కదా. ఇయ్యి."

పీడా పోతుందని ఇచ్చేసినా. అది పోగొట్టుకున్నట్టే అయింది. ఎప్పుడడిగినా ఒకటే మాట. "గెనిమ ఒకటి జరిపితే చాలదప్పా. అన్నీ జరగల్ల. తూగల్ల కదా." దాని పేరు చెప్పి మా ఊరికి పోయి పోయి వస్తుండేవాడు. అన్న ఇంట్లో తినేవాడు. నేను అడక్కుండానే నా బల్ల ముందర కూర్చొని అక్కడి సంగతులన్నీ చెప్పేవాడు. మీ అన్న సెనక్కాయలు పెరికినాడు. మీ అన్న కాలు బెణికి పసుపు కట్టుకున్నాడు. మీ అన్న ఎద్దులమ్మేసి ట్రాక్టరు బాడుగకు పిలుస్తాండాడు. నాకు వినాలనీ ఉంటుంది, ఈయన నోట వినాలంటే కడుపు రగులుతుంది. ఒకరోజు ఉండబట్టలేక, "నా గురించి ఏమన్నా అడిగినాడా సార్" అన్నాను.

"లేదు. అడగలేదు."

ఇట్లాంటప్పుడు అడిగినాడని చెప్తే వీని సొమ్మేం పోతుంది? కొండలు జరుపుతాడు, గెనిమలు జరుపుతాడు, ఒక చిన్న అబద్ధం ఆడలేడు. "సరే, నేనూ అడగలేదని చెప్పు" అన్నాను కోపంగా.

"ఆయప్ప అడిగితే కదా చెప్పేది" అని మన్ను ప్యాకెట్లు బకెట్లో సర్దుకున్నాడు.

అట్లనే కాలం పోయింది. ఆయనా పోయినాడు. ఆదరణ కూడికలో టీ తాగి గేటు దాటుతుంటే ఆయన కూతురు వెనకనుంచి పిలిచింది. గుడ్డ చుట్టిన బొమ్మ ఒకటి తెచ్చి నా ముందర పెట్టింది.

"ఎవురిదని అడిగితే, ఆ అన్నదమ్ములది అనె మా నాయన. మీలో ఎవురికియ్యల్ల నాకు తెలీదన్నా. మీరే చూసుకోండి."

ఆమె ముందర ఏమంటాం? సచ్చిపోయి కూడా తగువు చేతిలో పెట్టి పోయినాడు అనుకున్నాను. ఇంటికి తీసుకొనిపోయి తగిలించే ధైర్యం నాకు లేదు. విప్పి చూసే ధైర్యం కూడా లేదు. మళ్ళా ఏ గెనిమ యాడికి పోయిందో, ఏమొస్తుందో. ముందు అన్న చూడాలి, ఏమన్నా ఉంటే ఆయన నోటితోనే అననీ అనుకొని కారు నేరుగా మా ఊరి దిక్కే తిప్పినా.

అన్న ఇంటి ముందర పంచలో మంచం మీద కూర్చొని ఉండె. నన్ను చూసి లేవలేదు, లోపలికీ పోలేదు. వదిన "రా" అనింది. నేను బొమ్మను గోడకు ఆనించి గుడ్డ విప్పినా.

అదే చేను. మన్ను అట్లనే ఉంది. గెనిమ మాత్రం నడుమ నుంచి నేరుగా పోతుంది. గుట్టను ఇంతకు ముందు కన్నా ఆపక్కకు తోసినాడు, పక్క ఊరి గుట్ట మాదిరి అయిపోయింది. ఆత్మకూరు తుమ్మచెట్టు లేదు. అన్న జేబులోంచి అద్దాలు తీసి పెట్టుకొని ముందుకు వంగినాడు. చూసినాడు. ఇంకా వంగినాడు.

"గుండు యాడ?" అన్నాడు.

నాతో అన్నాడో బొమ్మతో అన్నాడో తెలీదు. నేనూ వంగి చూసినా. నిజమే. గుండు లేదు. గెనిమకు ఎడమపక్క లేదు, కుడిపక్కా లేదు.

"ఎనకాలకు జరిపినాడేమో, గుట్ట కింద చూడు" అన్నాను.

"చూసినా. లేదు."

"ఆ మూలన తెల్లగా ఉండాదే, అది?"

"అది మేక." అన్న వేలితో తుడిచి చూసినాడు. "ఇంతలావు గుండును ఏం చేసినాడప్పా ఈ మనిషి? గెనిమను సరిచేయమంటే గుండును మింగేసినాడే."

"అడిగితే ఏం చెప్తాడో తెలుసు కదా."

"తెలుసు. అయినా ఒక పద్ధతుండాల్నా లేదా? మా ఇంట్లో తిన్న మనిషి. ఎప్పుడూ ఒక మాట చెప్పలేదు."

"నాకూ చెప్పలేదు. నేనెంత సంపినానో, బొమ్మ బొమ్మ అని."

గుండు తీసేస్తే గెనిమ ఎటుందో లోకంలో ఎవడూ చెప్పలేడు. ఇంక ఈ బొమ్మను ఏ పంచాయితీకి తీసుకొనిపోయినా పనికిరాదు. అది మా కోసమని చేసినాడా, తూగలేదని తీసేసినాడా? ఇది తెలుసుకోవాలంటే మనిషే లేడు. నాకు అన్నిటికంటే కడుపుమంట ఇదే. మంచి చేసినాడని మొక్కేదానికీ లేదు, తిట్టేదానికీ లేదు.

వదిన లోపలనుంచి వచ్చి, ఇద్దరూ బొమ్మ ముందర వంగి వెతుకుతుంటే చూసి, "ఈడ వెతికేది కాదు, చేన్లో ఉండాదో లేదో పోయి చూసుకోండి ముందు" అనింది.

ఆమె ఎగతాళికి అనింది. అన్న నిజంగానే లేచి తువ్వాల తీసుకున్నాడు. చెప్పులు వేసుకొని, నా దిక్కు చూడకుండా, "పా" అన్నాడు. ఏండ్ల తరబడి ప్రతి పొద్దూ ఆ గుండు చుట్టూనే దున్నే మనిషి, బొమ్మలో లేదని నమ్మకం చాలక చూసేదానికి బయలుదేరినాడు. నేను వెనకాల పోయినా. దావలో ఇద్దరం ఆయన్ను తిట్టుకుంటానే నడిచినాం, ఒకరు మరిచిపోయింది ఇంకొకరు గుర్తు చేస్తా.

గుండు యాడికీ పోలేదు. ఎండకు తెల్లగా మెరుస్తా అక్కడే ఉంది. అన్న చుట్టూ ఒకసారి తిరిగి చూసినాడు. తర్వాత తువ్వాల పరిచి ఒక పక్కకు జరిగి కూర్చొని, ఇంకో పక్క చేత్తో దుమ్ము తుడిచినాడు.

"కూసో."

మధ్యాహ్నపు ఎండకు గుండు కాలుతా ఉండె. అయినా కూర్చున్నా.